గుడ్ల ట్రేలో ఇరవై ఒక్కటి

మార్చి 14, శనివారం

బస్టాపులో కొత్త కాగితం అంటించారు. మార్చి 31 సాయంత్రం ఆరుంబావు ట్రిప్పుతో మా లోయకి బస్సు ఆఖరు. ప్రయాణికులు లేరని కారణం రాశారు. నిజమే. మొన్న గురువారం బస్సులో నేనూ, డ్రైవరూ, ఎవరో పంపించిన ముల్లంగి కట్టా, అంతే.

బడి పద్నాలుగు కిలోమీటర్లు. నానమ్మ వయసైందని నిరుడే తన డ్రైవింగు లైసెన్సు పోలీసులకి తిరిగి ఇచ్చేసింది. నాన్న సముద్రంలో పడవ మీద పనిలో ఉన్నాడు, నవంబరుకి గాని రాడు. కాబట్టి రెండే దారులు. షెడ్డులో మూడేళ్లుగా గోనెపట్టా కింద ఉన్న నాన్న యాభై సీసీ బండి, లేకపోతే ఒసాకాలో అమ్మ ఇల్లు, అక్కడి బడి. అమ్మ మంచిదే. అక్కడ నాకోసం ఒక గది కూడా ఖాళీ చేసిందట.

నేను ఇక్కడే ఉంటాను.

బండి మీద బడికి రావాలంటే ఏప్రిల్ 7న బడిలోనే తనిఖీ. లైట్లు, బ్రేకులు, హారను సరిగా ఉండాలి. యాక్సిలరేటరు వదిలేసినా ఇంజను ఐదు నిమిషాలు స్లోలో ఆగకుండా నిలబడాలి. చూసేది ఉసామి సారు. సారు పరీక్ష పేపర్లో చుక్క మర్చిపోయినా మార్కు కోసే మనిషి.

లైసెన్సు పరీక్ష ఫిబ్రవరిలోనే పాసయ్యాను. ఇక బండిదే బాకీ.

మార్చి 15, ఆదివారం

కిక్కు కొట్టాను. అరవై మూడోసారికి స్టార్టయింది! షెడ్డులో పిచ్చుకలన్నీ లేచిపోయాయి. యాక్సిలరేటరు వదలగానే ఆగిపోయింది. మళ్ళీ కొడితే మళ్ళీ అంతే. కింద పెట్రోలు చుక్కలు.

కువబరా తాతకి ఫోన్ చేశాను. వంతెన దగ్గర నలభై ఏళ్లు బండ్ల షాపు నడిపి మూసేశాడు. ఇప్పుడు కళ్ల ఆపరేషన్ కోసం పట్నం ఆస్పత్రిలో ఉన్నాడు.

"కార్బొరేటర్లో పాత పెట్రోలు గడ్డకట్టింది. విప్పి కడగాలి. మీ నాన్న వచ్చేదాకా ఆగు" అన్నాడు.

"నేనే విప్పుతాను తాతా."

"నువ్వా? కిందటేడు నా షాపు ముందు సైకిల్ ఆపి, తాళంచెవి వెతకడానికి సాయంత్రం చేసినది నువ్వే కదూ?"

"అది జేబులోనే ఉంది."

"అదే నేననేది."

మార్చి 17, మంగళవారం

నాన్న ఏదో రేవు నుంచి ఫోన్ చేశాడు. వెనకాల గాలి హోరు.

"ముట్టుకోకు సవా. ఇప్పటిదాకా ఎన్ని గొడుగులు పారేశావు?"

"ఏడు."

"నాకు తెలిసి ఏడు. విప్పడం ఎవరికైనా వచ్చు. తిరిగి బిగించాక చేతిలో ఏం మిగిలిందన్నదే లెక్క. నేను నీ వయసులో గడియారం విప్పితే మూడు చక్రాలు మిగిలాయి. గడియారం మాత్రం నడవలేదు."

నవ్వాడు. తర్వాత మామూలు గొంతుతో, "ఒసాకా కూడా చెడ్డదేం కాదమ్మా" అన్నాడు.

నేను ఏమీ పోగొట్టను. ఇది ఇక్కడ రాసిపెడుతున్నాను.

మార్చి 18

బడి లైబ్రరీలో ఈ బండి రిపేరు పుస్తకం దొరికింది. కార్బొరేటరు బొమ్మ ఒక పేజీ నిండా ఉంది, ముక్కలన్నీ విడివిడిగా గాల్లో తేలుతున్నట్టు గీశారు. ఒక్కోదానికీ గీత గీసి పేరు రాశారు. ఫ్లోట్ పిన్ను. మెయిన్ జెట్. స్లో జెట్. గాలి స్క్రూ. పేర్లన్నీ రెండుసార్లు చూచిరాత రాశాను. వేలి గోరంత ఇత్తడి ముక్కకి కూడా సొంత పేరు ఉండటం ఎంత బాగుంది. పేరు తెలిస్తే వస్తువు సగం చేతికొచ్చినట్టే అనిపిస్తుంది.

చిన్న ముక్కలు మొత్తం ఇరవై ఒకటి.

మార్చి 20, శుక్రవారం

సెలవు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. నానమ్మ పొద్దున్నే తాతయ్య సమాధి కడిగి వచ్చి, ఎర్ర చిక్కుడు ముద్ద పట్టించిన అన్నపు ఉండలు చేస్తోంది. నేను షెడ్డులో పాత పేపరు పరిచి కూర్చున్నాను. పది గుడ్ల ప్లాస్టిక్ ట్రే కడిగి ఆరబెట్టి తెచ్చుకున్నాను. పది గుంటలు. నేనే కనిపెట్టిన పద్ధతి ఇది, అంటే పుస్తకంలో చదివాక నేనే కనిపెట్టాను.

నానమ్మ తొంగిచూసింది. నలభై ఏళ్లు కోట్లు కుట్టిన మనిషి కదా, ఏం చూసినా కుట్టుపనే.

"గుంటల్లో ఎందుకే? దారానికి గుచ్చు. నేను పాత కోటు బొత్తాలు విప్పితే, విప్పిన వరసలోనే దారానికి ఎక్కిస్తాను. మళ్ళీ కుట్టేటప్పుడు అటునుంచి తీసుకుంటూ రావడమే."

"ఇవి బొత్తాలు కావు నానమ్మా."

"ఊడేవన్నీ బొత్తాలే" అని వెళ్ళిపోయింది.

గాలి స్క్రూ తీసేముందు పూర్తిగా లోపలికి బిగించి, ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టాలి. తిరిగి పెట్టేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. ఒకటీ ముప్పావు. మర్చిపోకుండా ఇక్కడ రాస్తున్నాను: ఒకటీ ముప్పావు.

1వ గుంట: గిన్నె స్క్రూలు రెండు
2: ఫ్లోట్ పిన్ను, దాని సూది
3: మెయిన్ జెట్, కింద హోల్డరు, ఇంకో చిన్న గొట్టం
4: స్లో జెట్
5: గాలి స్క్రూ, దాని స్ప్రింగు, వాషరు, రబ్బరు రింగు
6: స్లో స్క్రూ, స్ప్రింగు

ఇక్కడ నానమ్మ ఉండలు తినడానికి పిలిచింది. నాలుగు తిన్నాను. వచ్చాక మిగతావి రాశాను. బొమ్మ ముందు పెట్టుకుని ఒక్కో పేరు పక్కనా టిక్కు పెట్టాను.

ఇరవై ఒకటి. అన్నీ ఉన్నాయి.

మార్చి 21

టిక్కులు మళ్ళీ లెక్కపెట్టాను.

ఇరవై ఒకటి.

మార్చి 22, ఆదివారం

జెట్లని కిరసనాయిల్లో నానబెట్టి, సన్న రాగితీగతో కన్నాలు పొడిచాను. స్లో జెట్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే మొదట చీకటి. మూడోసారి పొడిచాక లోపల సూదిమొనంత వెలుతురు కనిపించింది. ఆ వెలుతురుకి కూడా ఒక పేరు ఉండాలి. పుస్తకంలో లేదు.

తుడిచి, దేని గుంటలో దాన్ని పెట్టేశాను. గిన్నె కింద వేసే గాస్కెట్టు చిరిగింది. పట్నంలో చెప్పి తెప్పించాలి, బుధవారం వస్తుందట. ట్రే మూతపెట్టి వంటింటి గట్టు మీద పెట్టాను. షెడ్డులో ఎలుకలు ఉన్నాయి. వంటిల్లయితే భద్రం.

మార్చి 25, బుధవారం

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పట్నం నుంచి గాస్కెట్టు తెచ్చేసరికి పదయింది. గట్టు మీద ట్రే లేదు.

"ఇక్కడి గుడ్ల ట్రే ఏది?"

"ఇవాళ ప్లాస్టిక్ చెత్త లారీ వచ్చే రోజు కదే. కడిగి, కాగితం గీకేసి, సంచిలో వేసి చెత్త షెడ్డులో పెట్టొచ్చాను. నీ ఇనుప ముక్కలు ఎక్కడికీ పోలేదు, బిస్కట్ల డబ్బాలో పోశాను. జిడ్డుగా ఉంటే వాటినీ కడిగాను."

డబ్బా బోర్లించాను. లెక్కపెట్టాను. ఇరవై. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై. పుస్తకం తెరిచి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. గాలి స్క్రూ రబ్బరు రింగు లేదు. బియ్యపు గింజంత ఉండదు అది.

చెత్త షెడ్డుకి పరిగెత్తాను. లారీ ఇంకా రాలేదు. అక్కడ ఇంటికో వారం కాపలా, ఈ వారం వంతు మా వీధి నిషిగాకి పిన్నిది. చేతికి కాపలా పట్టీ కట్టుకుని నిలబడి ఉంది.

"పెట్టిన సంచి మళ్ళీ విప్పకూడదమ్మా."

"మా సంచే పిన్నీ. మీద మా ఇంటి పేరు ఉంది చూడండి."

"ఏం పారేసుకున్నావు ఈసారి?"

ఈసారి అట.

సంచి విప్పాను. ఇంత శుభ్రంగా కడిగిన గుడ్ల ట్రే ఈ లోయలో ఇంకొకటి ఉండదు. అద్దంలా ఉంది. పది గుంటలూ వేలు పెట్టి తడిమాను. నిషిగాకి పిన్ని కూడా కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. ఏమీ లేదు. సింకు జాలీలో టీ ఆకు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నానమ్మతో అన్నాను. "నువ్వు ముట్టుకోకుండా ఉంటే చాలు కదా. నన్ను ఒసాకా పంపడానికే చేశావు."

నానమ్మ చేతిలో పాత్ర అలాగే పట్టుకుని నిలబడింది.

తప్పు నాది కాదు. 20వ తేదీ పేజీలో రాసి ఉంది. ఇరవై ఒకటి, అన్నీ ఉన్నాయి.

మార్చి 26

తప్పు నాది కాదు.

మార్చి 27, శుక్రవారం

నానమ్మా నేనూ అన్నం దగ్గర "ఉప్పు", "ఇదిగో" తప్ప మాట్లాడుకోలేదు. సింకు కింద బక్కెట్టు పెట్టి ఉంది. ఎందుకో అడగలేదు.

పట్నంలో రబ్బరు రింగుల పాకెట్టు దొరికింది, రకరకాల సైజులు. దాంట్లో ఒకటి సరిపోతుంది. సరిపోయేలాగే ఉంది. ఏడుస్తూ కూర్చునేదాన్ని కాను నేను.

మార్చి 28, శనివారం

ముక్కలన్నీ కలిసిపోయాయి కాబట్టి జెట్ల మీద నంబర్లు భూతద్దంలో చూసి గుర్తుపట్టాను. రెండు స్ప్రింగుల్లో ఏది దేనిదో పొడవు కొలిచి తేల్చాను. సాయంత్రం నాలుక్కి అంతా బిగించాను. గాలి స్క్రూ ఒకటీ ముప్పావు వెనక్కి.

నాలుగో కిక్కుకే స్టార్టయింది. పెట్రోలు కారడం లేదు!

స్లోలో ఆగిపోయింది.

మార్చి 29, ఆదివారం

పది సార్లు. స్లోలో ఆగిపోయింది.

బడి అనుమతి కాగితం నింపుదామని దేవుడి అలమర సొరుగు తెరిచాను. ఇంటి పెద్ద సంతకానికి బదులు ముద్ర వేసే చోట ఖాళీ ఉంటుందనుకున్నాను. నానమ్మ ముద్ర ఎర్రగా, సరిగ్గా గడి మధ్యలో ఉంది. పక్కన ఆవిడ చేతిరాతలో తేదీ. మార్చి 20.

ట్రే కడగక ముందు. నేను ఆ మాట అనక ముందు.

కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేశాను. నానమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇన్ని మాటలు నేర్చుకుంటున్నాను.

మార్చి 31, మంగళవారం

ఆఖరి బస్సు చూడటానికి వెళ్ళాను. ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. డ్రైవరు టోపీ తీసి ఊపాడు.

అమ్మ ఫోన్ చేసింది. అక్కడి బడిలో చేరడానికి ఏప్రిల్ 8 లోగా చెప్పాలట. "నీ ఇష్టమే" అంది. ఏడో తేదీ సాయంత్రం చెప్తానన్నాను.

ఏప్రిల్ 1, బుధవారం

పొద్దున్నే కువబరా తాతకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఫోన్ని షెడ్డులో బోర్లించిన డబ్బా మీద పెట్టాను. తాతకి రెండో కంటికి కూడా కట్టు కట్టారట.

"నాకేం కనబడదు. చేతులు నీవి, కళ్లు నీవి. చెప్పు."

"గాలి స్క్రూ దాని స్థానంలో ఉంది. వరసగా స్ప్రింగు, వాషరు, రబ్బరు రింగు..."

"అది పుస్తకంలో ఉన్నది. నాకూ వచ్చు. చూసింది చెప్పు, చదివింది చెప్పకు."

చాలాసేపు చూశాను. స్క్రూని పూర్తిగా లోపలికి బిగించాను.

"తల కొంచెం పైకి ఉంది తాతా."

"ఎంత?"

"బియ్యపు గింజ మందం."

"విప్పకముందు కూడా పైకే ఉందా?"

లేదు. విప్పకముందు తల లోపలికి మునిగి ఉండేది. స్క్రూడ్రైవరు కొస కన్నంలోకి దిగేది. అది నాకు గుర్తుంది, ఎందుకంటే అది పుస్తకంలో లేదు.

"అయితే కింద ముందే ఎవరో కూర్చుని ఉన్నారు. నువ్వు కొత్తవాణ్ణి తెచ్చి వాడి నెత్తిన కూర్చోబెట్టావు. పాత రింగు తీశావా?"

"అది పోయింది తాతా. ట్రేలోంచి..."

"ట్రేలోకి వచ్చిందా అసలు? అది వేడికి లోపలే అతుక్కుపోతుంది. స్క్రూ వస్తుంది, స్ప్రింగు వస్తుంది, తడితే వాషరు పడుతుంది. అది మాత్రం రాదు, పిలిస్తే గాని. నీ కళ్లతో చూశావా దాన్ని?"

ఈ నోటుబుక్కు తెచ్చి 20వ తేదీ పేజీ తీశాను. "రబ్బరు రింగు." పక్కన టిక్కు. చక్కటి టిక్కు. దాని నలుపు గుర్తులేదు. దాని మెత్తదనం గుర్తులేదు. స్ప్రింగు చల్లగా ఉండటం గుర్తుంది, వాషరు పేపరు మీద పడి దొర్లడం గుర్తుంది. రింగు గురించి నాకు గుర్తున్నది దాని పేరొక్కటే.

"చూడలేదు" అన్నాను.

"ఆ, ఇప్పుడు మెకానిక్కు మాట్లాడుతోంది" అన్నాడు తాత. "సన్న కొక్కెం పెట్టి లాగు. గీత పడకూడదు."

షెడ్డులో అంత సన్న కొక్కెం లేదు. ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు.

నానమ్మ వంటింట్లో సింకు కింద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. గొట్టం వంపు విప్పి, బక్కెట్టులోకి వచ్చిన మురికిని పాత తెల్ల గుడ్డ మీద పోసి, వేలితో విడదీస్తోంది. గట్టు మీద అలాంటి గుడ్డలు ఇంకో మూడు ఆరుతున్నాయి.

"ఏం చేస్తున్నావు నానమ్మా?"

"నీ రింగు ఏ పూటైనా దిగి రాకపోతుందా అని. వారం నుంచీ చూస్తున్నా. రేపటికి దొరుకుతుంది."

"అది అందులో లేదు." నేనూ పక్కన కూర్చున్నాను. "అది పోనేలేదు నానమ్మా. బండిలోనే ఉంది. నేను చూడకుండా ఉందని రాశాను."

నానమ్మ గుడ్డ మీది మురికి వైపు చూసింది, నా వైపు చూసింది.

"అయితే ఇదంతా ఏమిటే నేను వెతుకుతున్నది?"

"నేను రాసిన మాట."

"నువ్వు లెక్కపెట్టానన్నావు కదా. నువ్వు లెక్కపెట్టాక నేనెలా కాదంటాను?" అంది. కోపంగా కాదు. అదే కష్టంగా ఉంది.

"ఆ రోజు ఒసాకా గురించి అన్నమాట తప్పు" అన్నాను. "క్షమించు." చేతులు నేలకి ఆనించి తల వంచాను. మురికి నీళ్లల్లో జుట్టు తడిసింది.

"ముందు లే. కంపు కొడుతున్నావు." గుడ్డ మడిచేస్తూ, "పంపాలనుకుంటే ముద్ర ఎందుకు వేస్తానే పిచ్చిదానా" అంది. తర్వాత, "ఏం కావాలి?"

"నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా సన్న కొక్కెం."

ఏప్రిల్ 2, గురువారం

నిన్న మధ్యలో ఆపేశాను.

నానమ్మ తన అల్లిక కొక్కేలన్నీ తెచ్చి షెడ్డు గడపలో వెలుతురు పడేచోట కూర్చుంది. నేను గాలి స్క్రూ తీసేసి కార్బొరేటరు పట్టుకున్నాను. నానమ్మ ఊపిరి బిగపట్టి కొక్కెం దింపి, కొంచెం తిప్పి, లాగింది. పైన నా కొత్త రింగు వచ్చింది. మళ్ళీ దింపింది. ఈసారి చాలాసేపు పట్టింది.

"కోటు అస్తరులో విరిగిన సూది తీయడం దీనికంటే కష్టం" అంటూ చెయ్యి పైకెత్తింది. కొక్కెం కొసన నల్లగా, అణిగిపోయి, ఒక పక్క పగిలి, ఇరవై ఒకటోది.

అరచేతిలో పెట్టుకుని చూశాను. బరువు లేదు. నొక్కితే గోరు గుర్తు పడింది. పాత చెప్పు వాసన. ఇప్పుడు రాస్తున్నాను: రబ్బరు రింగు.

తర్వాత నేనే అడిగాను. "దారం ఇస్తావా?"

మొత్తం మళ్ళీ విప్పాను. విప్పింది విప్పినట్టు నానమ్మ చేతికి ఇచ్చాను, ఆవిడ తెల్లదారానికి గుచ్చింది. గుచ్చకముందు ప్రతిదాన్నీ అటూ ఇటూ తిప్పి చూపించి, "ఇదేనా?" అని అడిగింది. నేను చూసి, "అదే" అన్నాక గాని గుచ్చలేదు. కన్నం లేని స్క్రూలకి మెడ దగ్గర ముడి వేసింది. దారం పొడవునా వరసగా ఇరవై ఒకటి. పైకెత్తితే గాలికి గలగలమన్నాయి.

కువబరా తాత ఫోన్లో విన్నాడు. "ఏమిటా చప్పుడు?"

"నానమ్మ నాన్న బండికి హారం వేస్తోంది."

"ఆవిడ నా షాపులో పనికి చేరి ఉంటే ఇంకో పదేళ్లు నడిపేవాణ్ణి."

"నువ్వు ఇచ్చే జీతానికి ఎవరొస్తారయ్యా" అంది నానమ్మ.

ఏప్రిల్ 3

వాన. గడప దగ్గర కూర్చుని, దారం ఆ కొస నుంచి ఒక్కొక్కటే తీసి బిగించాను. గాలి స్క్రూ దగ్గర పాత రింగు బదులు కొత్తది, ఒక్కటే. స్క్రూ తల లోపలికి మునిగింది. ఒకటీ ముప్పావు.

స్టార్టు చేయలేదు. వాన ఆగనీ. (భయం కాదు.)

ఏప్రిల్ 4, శనివారం

భయమే. పొద్దున చేశాను.

రెండో కిక్కు. యాక్సిలరేటరు వదిలాను. టక టక టక టక. నానమ్మ పిండి అంటిన చేతులతోనే బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది, పిండివంట మధ్యలో ఉంది. వంటింటి గడియారంలో పన్నెండు నిమిషాలు. నేనే ఆపాను.

ఏప్రిల్ 5, 6

బ్రేకు వైర్లు, చెయిను, లైట్లు. విప్పిన ప్రతిదీ దారానికి. రాసేముందు చేత్తో పట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 7, మంగళవారం

ఉసామి సారు హారను రెండుసార్లు మోగించారు. టైరు మీద నాణెం ఆనించి గాడి లోతు చూశారు. తర్వాత "స్టార్టు చెయ్యి" అని స్టాప్‌వాచీ నొక్కారు.

మూడో నిమిషంలో ఒకసారి శబ్దం తడబడింది. నేను హ్యాండిల్ ముట్టుకోలేదు. అదే సర్దుకుంది.

ఐదు నిమిషాలయ్యాక సారు వంగి కార్బొరేటరు కింద పేపరు పెట్టి చూశారు. ఒక్క చుక్క లేదు.

"ఏ షాపులో చేయించావు?"

"ఇంట్లో సార్. నేనూ మా నానమ్మా."

సారు కాగితం మీద నానమ్మ ముద్ర చూశారు. దాని పక్కనే తన ముద్ర వేశారు. కొంచెం వంకరగా పడింది. సారుకి కూడా అలా పడుతుందని నాకు తెలియదు.

సాయంత్రం మొదట అమ్మకి ఫోన్ చేశాను. "ఆ గది వేసవి సెలవులకి ఉంచు" అన్నాను. అమ్మ నవ్వి, సరే అంది. తర్వాత నాన్న ఫోన్. ఏదో రేవు, అదే గాలి హోరు.

"పాసయిందా?"

"అయింది."

"నిజంగానా!" హోరుని మించి అరిచాడు. "సరే, అసలు లెక్క చెప్పు. బిగించాక చేతిలో ఏం మిగిలింది?"

"దారం" అన్నాను.

అదీ నా చేతిలో ఎంతోసేపు లేదు. నానమ్మ తీసుకుని, జిడ్డు తుడిచి, మళ్ళీ ఉండకి చుట్టేసింది.